గుర్రం ఆగిన చోటు

మొన్న చీరలు చూస్తానని మా కోడలు ఖమ్మం బయలుదేరితే వెంట నేనూ వెళ్ళాను. వెళ్ళాననడం కంటే ఈడ్చుకెళ్ళారనడం సబబు. ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీ ఎక్కడుందా అని వెతుక్కునే వయసు మనందరికీ వచ్చేసింది కదా! ఆ పెద్ద అంగడి పై అంతస్తులో, పిల్లల ఆటలు పెట్టిన గదికి ఎదురుగా ఒక బల్ల దొరికితే కూలబడి, మోకాళ్ళు ఒత్తుకుంటూ తలెత్తి చూస్తే అది కనిపించింది. నిలువెత్తు చెక్క పెట్టె, లోపల టీవీ, కింద ఎర్ర గుండీ, పక్కన ఆట నడిపే నల్ల పుల్ల. 'పాతకాలపు ఆట' అని బోర్డు కూడా తగిలించారు. ఓరి నీ దుంపతెగ, నువ్వింకా బతికే ఉన్నావా అనుకున్నాను.

తొంభైల మొదట్లో నేను భద్రాచలం దారిలో ఎర్ర బస్సు మీద కండక్టరును. అంతకు కొన్నేళ్ళ ముందు, తెలుగు మాటలు అతికించిన ఇంగ్లీషు మాయాజాల సినిమా ఒకటి ఖమ్మం టాకీసులో ఆడింది. మంత్రగాడు రాణిని ఎత్తుకుపోయి కొండకోటలో దాస్తాడు, ఒంటరి రౌతు గుర్రమెక్కి రాక్షసుల అడవి దాటి ఆమె కోసం వెళతాడు, అంతే కథ. కొత్తగా పెళ్ళయిన మా అక్కను మా బావ తీసుకెళ్ళి చూపించిన మొదటి సినిమా అది. ఆ కథనే ఆటగా చేసిన ఈ పెట్టె, ఏయే ఊళ్ళు తిరిగి వచ్చిందో గానీ, చివరికి భద్రాచలం బస్టాండు పక్కనున్న టీ హోటల్లో ఒక మూల చేరింది.

ఇప్పటి పిల్లలకు చూపిస్తే నవ్వుతారేమో గానీ, ఆ ఆట చేసినవాడెవడో నిజంగా మనసు పెట్టి చేశాడండీ. రౌతు ముఖం నాలుగు చుక్కలే, అయినా వాడి దిగులు తెలిసేది. దగ్గరి చెట్లు గబగబా, దూరపు చెట్లు నిదానంగా వెనక్కి జరుగుతుంటే, పాల్వంచ దాటాక మా బస్సు కిటికీలోంచి చూసే అడవి అచ్చం అలాగే ఉండేది. డ్యూటీ మారే మధ్యలో గ్లాసెడు టీతో దాని ముందు నిలబడితే, పొద్దుటి నుంచి బస్సులో నలిగిన ఒళ్ళు కాస్త తేలికపడేది. కరెంటు తగ్గినప్పుడల్లా అడవి మసకబారేది, అది కూడా బాగానే ఉండేది.

మా బావ అడవి నుంచి కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ డ్రైవరు. ఆ రోజుల్లో అడవిలోకి దిగే మలుపు దగ్గర ఒక వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన రాయి ఉండేవి. అమ్మ గద్దె అనేవాళ్ళం. బస్సయినా లారీ అయినా అక్కడ ఆగాలి, డ్రైవరు చేతులెత్తి మొక్కాలి, అప్పుడే అడవిలో అడుగు పెట్టాలి. ఎవరూ రాసిపెట్టింది కాదు గానీ తప్పిన డ్రైవరును నేను చూడలేదు. అలాంటిది ఒక వానాకాలం ఆ గద్దె దాటాక కొంత దూరంలోనే, ఎలుగుబంటి అడ్డొచ్చిందని బ్రేకు తొక్కితే వెదురు కోసం పోతున్న బావ లారీ బోల్తా పడింది. ప్రాణాలకేమీ కాలేదు, క్లీనరుకు చెయ్యి విరిగింది. అది అతుక్కుంది గానీ బావే మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. ఓనరు పిలిచినా పోడు, అడిగితే మాట్లాడడు. ఇద్దరు పిల్లలతో మా అక్క మిరపకాయ కోతలకు పోసాగింది. ఇల్లంతా ఈ ఒక్క మనిషి లేస్తాడా లేవడా అని ఎదురుచూస్తూ అలసిపోయింది.

ఇంట్లో మూలిగే మనిషిని ఉంచలేక నేను బస్సులో వెంట తెచ్చుకుని ఆ హోటల్లో కూర్చోబెట్టేవాణ్ణి. సినిమా గుర్తొచ్చిందో ఏమో, ఒకనాడు తనే లేచి పుల్ల పట్టుకున్నాడు. ఎన్నాళ్ళకో ఆ చేతులు ఒక పనికి కదిలాయి, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కానీ ఆటలో అడవి మొదలయ్యే చోట దారి పక్కన ఒక రాతి బొమ్మ ఉంటుంది, ఊరికే అందానికి పెట్టింది. బావ అక్కడికి రాగానే పుల్ల వెనక్కి లాగి గుర్రాన్ని ఆపేసేవాడు. ఆగితే ఆ ఆటలో చావే, పైనుంచి రెక్కల పిశాచం వచ్చి రౌతును తన్నుకుపోతుంది. ఎన్నిసార్లు ఆడినా అక్కడే ఆపుతాడు, అక్కడే చస్తాడు. "ఏందన్నా, గీడ దిగేటోళ్ళెవరన్న ఉన్నరా?" అని హోటల్లో వాళ్ళు ఒకటే వెక్కిరింత. నేనూ నవ్వేవాణ్ణి, అలవాటు కొద్దీ ఆపుతున్నాడనుకుని.

ఒకరోజు అక్క బావను తీసుకుపోదామని వచ్చి, వెనక నిలబడి చూసింది. గుర్రం ఆగింది, బావ చెయ్యి పుల్ల వదిలి పైకి లేచింది. అక్క నవ్వలేదు.

"ఆ దినం గద్దె కాడ ఆగలేదా నువ్వు?" అంది మెల్లగా.

బావ ముఖం తిప్పుకోలేదు. "మబ్బు పట్టింది, జల్దీ పోదామనుకున్న. చెయ్యి గుడ లేపలే," అని అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున అక్క కొబ్బరికాయ పట్టుకుని బావతో నా బస్సే ఎక్కింది. గద్దె దగ్గర ఇద్దరూ దిగారు. కాయ కొట్టి, బస్సంతా వినేట్టు అమ్మవారినే అడిగింది మా అక్క. "ఒక్కపాలి ఆగనందుకు గింత శిక్షనా తల్లీ? ఇగ చాలు, మా మనిషిని మాకియ్యి." మా డ్రైవరు అక్కకు వంత పలికినట్టు హారను గట్టిగా మోగించాడు. ఆ యేడు చలికాలం రాకముందే బావ లారీ ఎక్కాడు. ఆట మాత్రం మారలేదు. ఎప్పుడు ఆడినా ఆ రాయి దగ్గర ఆపేవాడు, పిశాచం ఎత్తుకుపోతే నవ్వుతూ టీ తాగేవాడు. పాపం, కోటలో రాణి అలాగే ఉండిపోయింది.

బావ పోయినేడు కన్నుమూశాడు. దారి వెడల్పు చేసినప్పుడు వేపచెట్టు పోయింది, గద్దె పోయింది. చివరిదాకా బావ ఆ మలుపులో బండి నెమ్మది చేసేవాడు, వెనక వాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్ళకు అక్కడ ఏదో ఉండేదని కూడా తెలియదు, చెబితే వినే ఓపిక వాళ్ళకు లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.

మొన్న బల్ల మీద నుంచి లేచి, డబ్బులు కట్టి, ఆ పుల్ల పట్టుకున్నాను. అదే గుర్రం, అవే చెట్లు. రాతి బొమ్మ రాగానే నా చెయ్యి తనంతట తనే వెనక్కి లాగింది. వెనక నిలబడ్డ పిల్లాడు "తాతా, ఆపకు, సచ్చిపోతవ్!" అని అరిచాడు. నాకు తెలుసు నాయనా. మా దారిలో ఆగడానికి ఇప్పుడు ఆ ఒక్క రాయే మిగిలింది.