అక్క ఆటకు కన్వర్టర్

మొన్న చింతామణిలో ఒక ఎలక్ట్రానిక్స్ అంగట్లో రెండు చిన్న డబ్బాలు ముందు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అక్క పోయాక ఆమె బీరువాలో మా పాత వీడియో గేమ్ దొరికిందనీ, అమ్మ ఆడిన ఆటను ఒక్కసారి ఆమె ఆడినట్టే చూడాలనుందనీ మేనకోడలు అడిగింది. మన ఈడువాళ్ళకు ఆ పసుపు, తెలుపు వైర్లు గుర్తుండే ఉంటాయి. ఇప్పటి టీవీల్లో వాటికి చోటు లేదు, మధ్యలో కన్వర్టర్ పెట్టాలి.

"ఇది తీసుకోండప్పా, స్క్రీనంతా నిండుతాది," అన్నాడు అంగడాయన. అలా నింపితే బొమ్మ అడ్డంగా సాగుతుంది. ఆటలో అక్క ఆడించిన మనిషి అంత లావుపాటివాడు కాదు. బటన్ నొక్కాక ఎగరడం ఆలస్యమవుతుందా అని కూడా అడిగాను.

"ఈ వయసులో ఏ రేసుకు పోతాండారప్పా?" అని నవ్వాడు.

పక్కల నల్లగా వదిలి, బొమ్మను ఉన్నట్టే చూపించేదీ, ఆలస్యం లేనిదీ తీసుకున్నాను.

చిన్నప్పుడు జంగమకోటె దగ్గర మా ఇంట్లో పట్టుపురుగులు మేపేవాళ్ళం. పురుగులు మేత మాని, కదలకుండా ఉండి పొర విడిచే రోజులను మా వైపు జ్వరం అంటారు. ఇంట్లో అందరి చేతులూ ఖాళీ అయ్యేది అప్పుడే కాబట్టి, నాన్న బెంగళూరు నుంచి తెచ్చిన ఆ గేమ్ బయటికి వచ్చేదీ అప్పుడే. "వాటికి జ్వరమొస్తే మీకు పండగేమ్రా!" అని అవ్వ తిడుతూనే, పురుగులు బెదురుతాయని టీవీ సౌండు తీసేయించేది.

చిక్కబళ్ళాపురంలో మేనకోడలి ఇంట్లో కన్వర్టర్ తగిలించగానే బొమ్మ వచ్చింది. ఆమె వాళ్ళమ్మ మనిషిని తీసుకుంది, నేను ఎప్పటిలాగే రెండోవాణ్ణి. మొదటి గుంతలోనే పడి, ఇది కూడా ఆలస్యంగానే ఉందే అన్నాను.

"కన్వర్టర్ కాదు మామా, నీ వేలు!" అంది.

ఆమె ముందుకు పోయింది. తెర ఆమె వెంటే కదిలి నా మనిషి వెనకబడ్డాడు. అక్క ఆటలో ఇలా ఎప్పుడూ జరగలేదు. పురుగులకు ఆకు వేసేటప్పుడు తట్టకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి, ఒకరి చేయి ఇంకొకరి చేతిని దాటకుండా పరచాలి; ఎక్కువ తక్కువలైతే పురుగులన్నీ ఒకేసారి పండి గూడు కట్టవు. ఆ అలవాటుతోనే అక్క ఆటలోనూ నేను వచ్చేదాకా ఆగేది. మేనకోడలు పుట్టేనాటికే మేము పురుగులు మానేశాం, ఆమెకు ఎలా తెలుస్తుంది?

చెబుదామనుకుని ఊరుకున్నాను. అడిగితే ఆగుతుంది. అక్క అడగకుండానే ఆగేది.