అమ్మ కుర్చీ పక్కన ట్యాంకు పరీక్ష

అమెరికాలో దిగిన ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు. దయ్యాలు కాపురం చెయ్యడానికి మేముండే ఎడిసన్ ఊళ్లో పాడుబావులున్నాయా, మూతపడ్డ బియ్యం మిల్లులున్నాయా? ప్రతి గది పైకప్పుకూ ఓ తెల్ల పెట్టె ఉండేది. పోపు కాస్త మాడితే చాలు, కాకుల గుంపులా అరిచేది. (మిరపకాయ ఘాటుకే అంత గోల చేసే ఇంట్లోకి ఏ దయ్యం మాత్రం ధైర్యం చేస్తుంది!) నడివయసు వచ్చాక తొలిసారి జీతానికి కుదిరినదాన్ని, భయపడవలసినవి వేరే చాలా ఉన్నాయి: కారు లేకుండా రోడ్డు దాటడం, కొట్టుకు వచ్చినవాళ్లు గబగబా మాట్లాడే ఇంగ్లీషు, అన్నిటికంటే మా వదిన మౌనం.

నా జీతం అన్నయ్య కొట్లోనే. సిగరెట్టు మానాలనుకునేవాళ్లు పీల్చే వేప్ పరికరాలు అమ్మే కొట్టు అది. అప్పటికింకా నాకు తెలుగు అక్షరాలే రావు కాబట్టి వాటిలో పోసే రసం సీసాలను బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. మామిడిపండు బొమ్మ, పుదీనా బొమ్మ, పొగాకు బొమ్మ. నా వీసాకు అన్నయ్య ఎప్పుడో వేసిన కాగితాలు పండి నేను విమానం దిగేసరికి, అతని దగ్గరే ఉంటున్న అమ్మ పోయి ఓ చలికాలం గడిచిపోయింది. అమ్మ చివరి రోజుల గురించి అడిగితే అన్నయ్య కళ్లు తుడుచుకునేవాడు, వదిన లేచి వెళ్లిపోయేది. నాకు మిగిలిందల్లా గ్యారేజీలో అమ్మ కూర్చునే మడత కుర్చీ ఒక్కటే. అమ్మకు మా సముద్రపు ఒడ్డు ఆడవాళ్లందరిలాగే అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పొగ బయటికి రాకుండా పీల్చడం. ఆ వాసన ఇంట్లోకి రాకూడదని వదిన అమ్మను గ్యారేజీకి పంపేదట. అమ్మ పోయినప్పటి నుంచి వదిన ఆ గ్యారేజీలో అడుగుపెట్టలేదు. మంచు కురుస్తున్నా కారు వీధిలోనే వదిలేది. నేను వచ్చిన కొన్నాళ్లకే, “ఈ ఇంట్లో నేనుండలేను, అమ్మేద్దాం” అని మొదలుపెట్టింది. అన్నయ్య సరేనన్నాడు. ఇల్లు అమ్మితే ఆ కుర్చీ చెత్తబండిలోకి పోతుంది. నేను అమ్మను చూసుకోగలిగిన చోటు ఈ దేశంలో అదొక్కటే. ఆ మాట ఎవరితో చెప్పను? ఉంటున్నదే వాళ్ల ఇంట్లో.

అలాంటి రోజుల్లో అన్నయ్య, వేప్ పరికరం పైన బిగించి రసం నింపుకునే ఓ చిన్న ట్యాంకు తెచ్చాడు. బొటనవేలంత ఉంటుంది. గాజు గొట్టం, లోపల బటన్ నొక్కితే వేడెక్కే తీగచుట్ట, రసం పీల్చుకోడానికి దాని మధ్యలోంచి దూర్చే దూది. మిగతావి పాడైతే పారేసి కొత్తవి కొనాలి, దీన్ని మాత్రం విప్పి, దూది మార్చి మళ్లీ కట్టుకోవచ్చు. కింద గాలి పోయే కంత ఆవగింజంత. అది గుప్పున పొగమేఘాలు వదిలే రకం కాదు. సిగరెట్టులా ముందు నోట్లోకి లాగి, తరువాత గుండెల్లోకి దించుకోవాలి. “కొట్లో ఇరవై వాసన్లు కల్సిపోయి ఏటీ తెల్దు. నువ్వు ఇంటికాడ సూడు. లాగుడు బిగువుగా ఉందా, దూది మార్సడం సులువుగా ఉందా, సెప్పు. బాగుంటే పెట్టె తెప్పిస్తాను” అన్నాడు.

“నాకేటి తెల్సు అన్నియ్యా?”

“అమ్మ కూతురివి కాదేటే? సిన్నప్పుడు ఆ చుట్ట కొస నువ్వు లాగలేదేటి? మీ వదినకి మాత్రం తెలీనియ్యకు. ఇద్దర్నీ మంచులోకి గెంటేస్తాది.”

వదిన ఆఫీసుకు వెళ్లిన ఓ మధ్యాహ్నం ట్యాంకూ పరికరమూ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాను. అరిచే పెట్టె లేనిది అక్కడే. అమ్మ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. దాని వెనకగా రంగుడబ్బా బోర్లించి దానిమీద కూలబడ్డాను. అన్నయ్య పెట్టిన దూది తీసేసి కొత్తది పెట్టాలి కదా. నా చేతులకు తెలిసింది ఒకటే విద్య: వేళ్లకు విభూతి అద్దుకుని, అరచేతుల మధ్య దూదిని వత్తి చెయ్యడం. కార్తీకమాసంలో ఎన్ని వత్తులు చేశానో! బ్రహ్మాండంగా, దారంలా బిగించి పురి పెట్టి, తీగచుట్టలోంచి లాగాను. పొగాకు బొమ్మ సీసాలోని రసం నింపాను. బటన్ నొక్కి పీల్చాను. (అది వదులుగా, మెత్తగా ఉండాలనీ, లేకపోతే రసం పీల్చుకోలేక మాడిపోతుందనీ అన్నయ్య తరువాత తల బాదుకుంటూ చెప్పాడు. “ట్యాంకులో దీపారాధనేటే!” అని.)

మాడిన దూది, కాలిన విభూతి, పొగాకు. మూడూ కలిసి నోట్లోకి వచ్చాయి. అది అమ్మ వాసన. అచ్చంగా, నొసట విభూతితో, నోట్లో చుట్టతో పక్కన కూర్చుంటే వచ్చే వాసన. నమ్మలేక మళ్లీ లాగాను. ఆవగింజంత కంతలోంచి గాలి సన్నగా ఈల వేసింది. పొగను గుండెల్లోకి దించడం నాకు రాదు కనుక మా ఊరి పద్ధతిలో నోట్లోనే ఆపి, కొద్దికొద్దిగా ముక్కులోంచి వదిలాను. అది పైకి పోలేదు. కుర్చీ వీపు దాటి ముందుకు పాకి, కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో ఆగి, అక్కడే ముద్దకట్టింది. నేను కదలకుండా కూర్చోవడంతో, మనుషులు మెసిలితేనే వెలిగే దీపం టప్పున ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. తలనొప్పని వదిన తొందరగా వచ్చేసిందట. వెనక వంటింటి వెలుతురుతో గుమ్మంలో నీడలా నిలబడింది. నా బుగ్గలనిండా పొగ. నోరు తెరిస్తే దొరికిపోతాను. కుర్చీ వెనక ఒదిగిపోయాను.

వదిన గట్టిగా ఊపిరి పీల్చింది. కుర్చీ మీద తేలుతున్న పొగనే చూస్తోంది.

“అత్తయ్యా?” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “అంత చలిలో మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టాను. వాసన, వాసన అని పోరు పెట్టాను. ఆ జలుబే ముదిరి... నన్ను క్షమించారా అత్తయ్యా?”

ఇల్లు ఎందుకు అమ్మాలంటోందో నాకు అప్పుడు అర్థమైంది. ఏం చెయ్యను? పెదాలు బిగించుకునే, ముక్కుతో, “ఊఁ” అన్నాను.

వదిన కదల్లేదు. మళ్లీ అడిగింది. “క్షమించారా?”

ఆ గాభరాలో నోట్లోని పొగ కాస్తా గుటుక్కున లోపలికి దిగిపోయింది. (నోట్లోంచి గుండెల్లోకి! అన్నయ్య కోరిన పరీక్ష ఆ విధంగా పూర్తయింది.) కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గును ఆపడానికి పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను. మాట కాదు కదా, గాలి కూడా బయటికి రాదు.

“ఊఁ” అని వినిపించింది.

నా ముందునుంచి. కుర్చీలోంచి. నిప్పు నోట్లో పెట్టుకున్నవాళ్లు పెదాలు విప్పకుండా పలికే ఊఁ అది, బొంగురుగా, కాస్త విసుగ్గా.

వదిన ముక్కు చీదుకుని మెల్లగా తలుపు వేసేసింది.

ఆ సాయంత్రం కొట్లో అన్నయ్య అడిగాడు. “ఎలాగుందే?”

“లాగుడు బిగువుగానే ఉంది.”

“రుచి?”

“అమ్మలాగుంది.”

జరిగింది చెబితే, “రసం ఎక్కువైతే ట్యాంకు గుడగుడమంటాదిలే” అన్నాడు.

“బటన్ నొక్కకపోయినానా?”

“బయట రోడ్డు గడ్డకట్టినట్టుంది, బేగి బయల్దేరదాం” అన్నాడు. ఆ ట్యాంకుల పెట్టె మాత్రం తెప్పించలేదు.

మర్నాడు చూస్తే కుర్చీ మీద మందపాటి దుప్పటి మడతపెట్టి ఉంది. కొన్నాళ్లకు వదిన కారు గ్యారేజీలోకి వచ్చింది, కుర్చీకి చోటు వదిలి, కొంచెం పక్కకు. ఇల్లు అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చాలా ఏళ్ల తరువాత ఓ ఆదివారం, నేను గిన్నెలు తోముతుంటే వదిన తుడుస్తూ ఉన్నట్టుండి అంది. “ఆ రోజు గ్యారేజీలో మొదటి ఊఁ నీదే కదూ?”

నా చేతిలోని గరిటె సింకులో పడింది.

“భయపడకు. నాకప్పుడే తెలుసు. మొదటిసారి అడిగితే మీ అమ్మ ఎప్పుడైనా పలికిందా? అన్నం పెట్టమంటారా అత్తయ్యా అంటే గోడకేసి చూసేది. రెండోసారి అడిగితేనే ఊఁ అనేది. అందుకే మళ్లీ అడిగా.”

“మరి ఆ రెండోది, వదినా...”

“నన్నడుగుతావేంటి?” అని ఆవిడ పళ్లెం మెరిసేలా తుడిచింది. “పక్కనే కూర్చున్నది నువ్వు!”

చీకట్లో డబ్బా మీద, పైటకొంగు నోట్లో కుక్కుకుని, దగ్గు ఆపుకుంటూ వణికిపోతున్న ఆ మనిషిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, అమ్మ చేతికందేంత దూరంలో ఉంటే, ఆ పిచ్చిది దగ్గు వస్తుందేమోనని కళ్లు గట్టిగా మూసుకుంది.