నీటికాకి నిలబడిన చోటు

మా చెరువు నడిమధ్యలో ఒక నీటికాకి నీళ్ళ మీద నిలబడేది. ఈదడం కాదు, నిలబడడం. రెక్కలు రెండూ ఆరవేసుకుని, ఏ పొద్దున చూసినా ఒకే చోట. మా హాస్టలు పిల్లలు దాన్ని చూసి మంత్రాల కాకి అని నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు. దాని కాళ్ళ కింద ఏముందో నాకు తెలుసు.

పావగడ సీమలో నీళ్ళంటే బావి నీళ్ళే. చెరువులు పేరుకే చెరువులు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ చెరువు ఎండే ఉండేది. లోపల తుమ్మచెట్లు అడవిలా పెరిగాయి. సెలవు రోజుల్లో హాస్టలు నుంచి దగ్గరలోని మా పల్లెకు పోయి, మా మేకలను అక్కడికే తోలుకుపోయేవాణ్ణి. చెట్టెక్కి కొడవలితో కొమ్మలు నరికి కిందికి వేస్తే మేకలు తినేవి. నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు ముసురు పట్టి, చెరువు నిండి, అలుగు పొర్లి మరవ పారింది. చెట్లన్నీ మునిగిపోయాయి. జనం టెంకాయలు కొట్టి, నీళ్ళకు దండం పెట్టి, చెట్ల సంగతి మరిచిపోయారు.

మా హెడ్మాస్టరు తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నిండిన చెరువును చూశాక ఆయనకు కాలు నిలవలేదు. వాళ్ళ ఊరి నుంచి బండ్ల మీద రెండు పుట్లు తెప్పించారు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, దాని కింద ఎనుము తోలు, అంతే పుట్టి అంటే. ఒక్కొక్క దానికి నలుగురు పిల్లలు, నాలుగు తెడ్లు. ఒకటి మా హాస్టలు పిల్లలకు, ఒకటి ఊరి పిల్లలకు. నలుగురూ ఒక్కసారిగా తెడ్డు వేయకపోతే పుట్టి ముందుకు పోదు, తిరగలిలా ఉన్నచోటే తిరుగుతుంది. మొదటి నెలంతా మేము తిరిగాం, గట్టు మీది ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు.

తర్వాత శనివారం శనివారం పందేలు. శివరాత్రి అయ్యాక, పరీక్షలకు ముందు, ఆఖరి పందెం. అందులో గెలిచిన నలుగురినీ వచ్చే దసరాకు మైసూరు పంపిస్తానని మా తాలూకా అధికారి అమల్దారుగారు అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నేను మనిషిని కాను. పావగడ కొండ దాటి అవతల ఏముందో చూడనివాణ్ణి. మైసూరు దీపాలు, ఏనుగు మీది అంబారీ, వాటికోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

ఊరి పిల్లల పుట్టిలో తెడ్లన్నీ ఒక్కసారిగా పడేలా పలుకు చెప్పేవాడు నా బెంచీలో నా పక్కనే కూర్చునేవాడు. గుడ్డల అంగడాయన కొడుకు. నాది ఎడమచేతి రాత, వాడిది కుడిచేతి రాత. రాసేటప్పుడల్లా మోచేతులు కొట్టుకునేవి. హాస్టలు సంగటి తిని తిని నా మొహం కూడా సంగటి ముద్దయిందని వెక్కిరించేవాడు. వెక్కిరించి, తాను తెచ్చుకున్న చిత్రాన్నంలో సగం నా ముందుకు తోసేవాడు. పుట్టిలో మాత్రం వాడిని మించినవాడు లేడు. న్యాయంగా పోతే మేము గెలవమని నాకు తెలుసు.

నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. తూము రాయి వారం వారం జానెడు బయటపడేది. చెరువులో వల వేసే ముసలాయన ఒకరోజు హెడ్మాస్టరు దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు పందెం వద్దు సామీ. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ముండ్లు అడుగున ఉండె. ఇప్పుడు మీదికి వస్తాండాయి. నా వల దినామూ చినుగుతాంది."

"నీళ్ళు తగ్గితే భయం కూడా తగ్గినట్టే కదయ్యా" అన్నారు హెడ్మాస్టరు.

మేమంతా తలలూపాం. మాకు నీళ్ళంటే బావిలో తెలిసిన నీళ్ళే. బావిలో నీళ్ళు తగ్గితే మునిగిపోయే భయం తగ్గుతుంది. చెరువులోనూ అంతే అనుకున్నారు అందరూ. ముసలాయన నా వైపు చూశాడు. మేకలతో అక్కడ తిరిగిన నన్ను ఆయన ఎన్నిసార్లు చూశాడో. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

తూము దగ్గర నుంచి అవతలి ఒడ్డున సున్నం కొట్టిన రాతి గుండు దాకా పందెం. మాకు ఎడమ పక్క వచ్చింది, ఊరి పిల్లలకు కుడి పక్క. నీటికాకి నిలబడే చోటు వాళ్ళ దారిలో సరిగ్గా నడుమ ఉంది.

ఆ పొద్దున నిడుగల్లు నుంచి కూడా జనం వచ్చారు. తప్పెట్లు మోగాయి. ఆ మోతకు నీటికాకి లేచిపోయింది. చెరువు నడుమ ఏమీ లేదు, నున్నటి నీళ్ళు తప్ప. అన్నాళ్ళూ ఆ కాకి నా బదులు చెబుతూ ఉంది. ఇక చెప్పవలసింది నేనే.

నా బెంచీవాడు పుట్టి తోలు తడుపుతూ నన్ను పిలిచాడు.

"ఏమ్రా, నువ్వు ఈడ మేకలు తోలినోడివి కదా. ఆ కాకి నిలబడే తావు మా దోవలోనే ఉండాది. ఆడ చెట్టేమన్నా ఉండాదా?"

"ఏం లేదులేప్పా. కొట్టుకొచ్చిన మొద్దు. ఈపాటికి పోయుంటాది."

వాడు సరేనని తెడ్డు అందుకున్నాడు. పందెం మొదలని ఈల వేయడానికి చాలా సేపు పట్టింది. హెడ్మాస్టరు ఉపన్యాసం చెప్పారు, అమల్దారుగారు రుమాలు సర్దుకున్నారు. రెండు మాటలు చెప్పడానికి కావలసినంత వేళ ఉంది. నేను నా తెడ్డు పిడి తుడుచుకుంటూ కూర్చున్నాను.

సగం దూరంలో వాళ్ళు మాకంటే ఒక పుట్టి దూరం ముందున్నారు. "ఎయ్, లాగు. ఎయ్, లాగు" అని వాడి గొంతు ఖంగుమంటూ వినిపిస్తోంది. నేను మా దారిని చూడడం లేదు, వాళ్ళనే చూస్తున్నాను. అప్పుడు కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడైంది. పుట్టి ఉన్నపళంగా ఆగి, ఒక పక్కకు ఒరిగి, నలుగురూ నీళ్ళలో పడ్డారు. ముగ్గురు పుట్టి అంచు పట్టుకున్నారు. వాడు తేలినప్పుడు రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. వేళ్ళ సందుల్లో నెత్తురు. ముసలాయన తెప్ప వేసుకుని వాడి వైపు పోతున్నాడు. మా పుట్టిలో మిగిలిన ముగ్గురూ తెడ్లు ఆపారు. నేనే గదిమి వేయించాను. గుండు తగిలేదాకా ఆగలేదు.

గెలిచాం.

వాడి కుడి కన్ను దక్కలేదు. నెల తర్వాత బడికి వచ్చి అదే బెంచీలో కూర్చున్నాడు. చిత్రాన్నం సగం అలాగే తోశాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తిన్నాను. వాడు నన్నేమీ అడగలేదు. అడగనందుకు వాడి మీద కోపం కూడా వచ్చింది నాకు, అంత నీచుణ్ణి.

ఎండాకాలానికి చెరువు ఎండింది. "చెట్టు చూసొద్దాం రా" అన్నాడు ఒకనాడు. నెర్రెలిచ్చిన బురద మీద ఇద్దరం నడిచాం. తుమ్మ నల్లగా కుళ్ళి నిలబడి ఉంది. ఒక మొండి కొమ్మకు తోలు పీలిక ఇంకా వేలాడుతోంది. చెట్టు పైభాగమంతా అలాంటి మొండి కొమ్మలే, మేకుల్లా మొనదేలి. వాడు కొంచెం ఎక్కి, తోలు చిక్కుకున్న కొమ్మ మొనను చేత్తో తడిమాడు. కుడిచేతివాళ్ళు నరికితే కోత ఒక వైపు వాలుతుంది. అది రెండో వైపు వాలింది.

"ఎడమచెయ్యి" అన్నాడు. దిగి, చేతులు దులుపుకున్నాడు.

ఇద్దరం గట్టెక్కాం. గట్టు మీద వాడు ఆగాడు. తన మంచి కన్ను నాకు కనబడేటట్టు తిరిగి నిలబడ్డాడు.

"దసరాకు పోయొచ్చినాక మైసూరు ఎట్లుండాదో నాకు చెప్పు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ దసరాకు నేను మైసూరు వెళ్ళాను. తిరిగొచ్చాక మూడుసార్లు వాళ్ళ అంగడి దాకా పోయి, మెట్టు ఎక్కకుండానే వెనక్కి వచ్చాను.