మట్టల ఆదివారం నాడు పలికిన గొంతు

ఎవరికైనా దయ్యం పట్టిందని మా పల్లెలో గోల మొదలైతే, నేను ముందు వెళ్ళి ఆ మనిషి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. చాలాసార్లు జ్వరమే ఉండేది. కొన్నిసార్లు జ్వరం కూడా కాదు, ఆకలి. బడిలో పిల్లలకు పాఠం చెప్పి బతికినదాన్ని. చీకట్లో కనబడేదంతా చెట్టో పుట్టో అయి ఉంటుందని వాళ్ళకు చెప్పేదాన్ని, నేనూ అదే నమ్మేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పబోయేది చీకట్లో జరగలేదు. పట్టపగలు, గుడి నిండా జనం ఉండగా జరిగింది. అందుకే దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. పల్లెలో అందరం క్రైస్తవులమే, అందరం కూలికి పోయేవాళ్ళమే. రెండో యుద్ధం మొదలైన కాలంలో మా పక్క వానలు సరిగా పడలేదు. కొర్ర చేలు మోకాలెత్తు కూడా రాకుండానే ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే మార్కాపురం సంతకు పట్టాళంలోకి మనుషుల్ని చేర్చుకునేవాళ్ళు వచ్చారు. మా పల్లె నుంచి ఐదుగురు పోయారు. ఏసోబు, యోహాను, సామ్యేలు, పేతురు, మా అన్న దానియేలు. ఐదుగురిలో ఒక్కడికీ మీసం సరిగా రాలేదు.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి పల్లె పల్లెంతా నడిచి వెళ్ళి వాళ్ళను రైలెక్కించాం. వాళ్ళెవరూ అంతకుముందు రైలెక్కి ఎరగరు. ఏసోబు కిటికీలోంచి తల బయటపెడితే బొగ్గు నలుసు కంట్లో పడింది. వాడు కన్ను నలుపుకుంటూ నవ్వుతుంటే, ఏడుస్తున్నాడనుకుని వాళ్ళమ్మ రైలు వెంట పరిగెత్తింది.

మా అన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఎంత దూరం నుంచి పిలిచినా వాడు వెంటనే తిన్నగా పలికేవాడు కాదు. ముందు "ఆఁ..." అని సాగదీసేవాడు. కాసేపాగి "వస్తన్నా" అనేవాడు. వచ్చేది మాత్రం ఎప్పటికో. "ముందర నోరొస్తది, మనిషి ఎనక వస్తాడు" అని అమ్మ తిట్టేది. పలకరాళ్ళ గనిలో పని చేసేటప్పుడు కూడా అంతే. గుంత లోపల్నుంచి ఆ గొంతు లేచి వచ్చేది. వెయ్యి గొంతుల్లో అయినా నేను దాన్ని గుర్తుపడతాను.

మావాళ్ళున్న సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయిందన్న వార్త వచ్చాక ఐదుగురి నుంచీ ఉత్తరాలు ఆగిపోయాయి. చాలా కాలానికి తాలూకా కచేరీ నుంచి బంట్రోతు వచ్చాడు. నలుగురు చనిపోయారని చెప్పాడు. మా అన్న విషయంలో మాత్రం జాడ తెలియడం లేదన్నాడు. నాయన మార్కాపురం నడిచిపోయి కచేరీలో అడిగాడు. అక్కడి గుమాస్తా మంచిగానే మాట్లాడాడట. "శవం దొరక్కపోతే అట్లనే అంటారు పెద్దాయనా, ఆశ పెట్టుకోవద్దు" అన్నాడట. నాయన ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ అసలు విననట్టే పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

అన్నకు మా మేనమామ కూతురు రూతమ్మను అనుకుని ఉన్నారు. ఆ పిల్ల నా కంటే ఒక ఏడు పెద్దది. యుద్ధం సాగినకొద్దీ మామకు దిగులు పట్టుకుంది. గిద్దలూరు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. అన్న సంగతి తేలందే ఆయన వాళ్ళకు అవుననీ చెప్పలేడు, కాదనీ చెప్పలేడు.

యుద్ధం అయిపోయే ముందటి ఏడు, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, చనిపోయిన పిల్లల కోసం గుడిలో కూడిక పెట్టాలని పెద్దలు అనుకున్నారు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తిరిగే పాదిరి అయ్యగారు ఆ రోజు మా పల్లెకు వస్తారు. ఆ ముందు రోజు మామ మా ఇంటికి వచ్చాడు.

"బావా, జాడ తెలీదంటే ఏంది అర్థం? నీకు తెల్దా? ఆ నలుగురితో పాటు మనోడి పేరు గూడా చదివించుదాం. ఆ పిల్లను ఎన్నాళ్ళని ఇట్ల ఇంట్లో కూసోబెట్టను?"

నాయన మాట్లాడకముందే అమ్మ లేచింది. "బతికున్నోడికి ఏడుపు కూడిక పెడతావా తమ్ముడా? నీకు నోరెట్ల వచ్చింది?"

"బతికుంటే నాకు సంతోషం గాదా అక్కా? వాడు నా అల్లుడు గాదా?" అన్నాడు మామ.

నాయన అమ్మ వైపు తిరిగాడు. "చదవనీలే మరియమ్మా. ఆ పిల్ల ఉసురు మనకొద్దు" అన్నాడు.

"అట్లయితే మీరే పోండి. నేను రాను. నా చెవులతో నేను వినను" అంది అమ్మ. అన్నట్టే మరునాడు పొద్దున్నే గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని వాగుకు వెళ్ళిపోయింది.

మా గుడి చిన్నది. నల్ల బండల గోడలు, ముందొక తలుపు, పక్క గోడకు ఒక కిటికీ. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. పిల్లలు ఈత మట్టలు ఊపుకుంటూ పాడుతూ లోపలికి వచ్చారు. ఆ పాట అయిపోయాక అయ్యగారు వాక్యం చదివి, చనిపోయిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టారు. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళు లేచి, ఒక మట్ట తీసుకెళ్ళి అయ్యగారి బల్ల ముందు పెట్టి రావాలి.

ఏసోబు అన్నారు. వాళ్ళమ్మ లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని తీసుకెళ్ళారు. యోహాను అన్నారు. సామ్యేలు. పేతురు. ఒక్కో మట్టా బల్ల ముందు పడుతున్నకొద్దీ గుడిలో ఏడుపు ఎక్కువైంది. తర్వాత అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "దానియేలు" అన్నారు.

నాయన మట్ట పట్టుకుని లేచాడు. నేనూ లేచాను.

"ఆఁ..."

మగవాళ్ళ వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. అన్నకు అలవాటైనట్టే కాసేపాగి, "వస్తన్నా" అని వినిపించింది.

గుడిలో ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. తలుపు దగ్గర కూర్చున్న మగవాళ్ళు లేచి బయటికి పరిగెత్తి గుడి చుట్టూ తిరిగి వచ్చారు. బయట ఎండ తప్ప ఏమీ లేదు. మా పల్లెలో దానియేలు అనే పేరు ఇంకెవరికీ లేదు. పశువుల కాపర్లెవరైనా అరిచి ఉంటారా అంటే, ఆ పండగ రోజు పశువులన్నీ దొడ్లలోనే ఉన్నాయి. ఇవన్నీ నేను అప్పుడే, ఆ మధ్యాహ్నమే ఇంటింటికీ వెళ్ళి అడిగి తెలుసుకున్నాను. ఆడవాళ్ళలో కొందరు గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చిందన్నారు. మగవాళ్ళు తమ వెనకాల గోడ దగ్గర్నుంచి అన్నారు. ఇద్దరు ముసలివాళ్ళు మాత్రం తమకేమీ వినబడలేదన్నారు. ఆ సంగతీ దాచకుండా చెబుతున్నాను.

అయ్యగారు బైబిలు మూసేశారు. "ప్రార్థన చేసుకుందాం" అన్నారు గానీ ప్రార్థన చెయ్యలేకపోయారు. నాయన ఆ మట్టను బల్ల ముందు పెట్టలేదు. పెళ్ళాం బిడ్డలకు పండో కాయో తెచ్చినట్టు దాన్ని చేతిలోనే పట్టుకుని ఇంటికి నడిచాడు.

అమ్మ వాగు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. మామే ముందుగా ఎదురెళ్ళాడు. "అక్కా, వాడు బతికున్నాడక్కా. పిలిస్తే పలికినాడు. నేనిన్యా" అని ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

పల్లె మొత్తం మీద ఆ గొంతు వినే అవకాశం లేకపోయింది మా అమ్మకే. ఆమె సంతోషపడింది, ఏడ్చింది, అందరికీ మంచినీళ్ళిచ్చింది. అందరూ వెళ్ళాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎట్లన్నాడు? ఒకసారి అను."

నేను అన్నాను.

"అట్ల గాదు. వాడు ఎట్లంటాడో అట్ల అను."

అప్పటి నుంచి రోజూ అదే పని. కలుపు తీస్తూ అడిగేది, పిండి విసురుతూ అడిగేది. "వస్తన్నా అన్నాడు గదా? వస్తడు" అనేది. మామ గిద్దలూరు సంబంధం వద్దని కబురు చేశాడు. రూతమ్మ సాయంత్రాలు మా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. అమ్మ లేనప్పుడు ఆమె కూడా నన్ను మెల్లగా అడిగేది, ఎట్లన్నాడని. ఆమె గుడిలోనే ఉంది, నాతో పాటే విన్నది. అయినా అడిగేది.

యుద్ధం అయిపోయింది. బతికున్నవాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు ఊళ్ళకు వస్తున్నారని తెలుస్తూ ఉంది. ఆ తర్వాత ఎండాకాలంలో ఒక రోజు, ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు మా పల్లె దారిలో కనిపించాడు. అమ్మ చేతిలోది కింద పడేసి పరిగెత్తింది. దగ్గరికి వెళ్ళాక ఆగిపోయింది.

ఆ మనిషి పేరు రాజరత్నం. చంద్రశేఖరపురం అవతలి పల్లె. మా అన్నతో పాటు జపానువాళ్ళకు పట్టుబడి, సముద్రం మధ్య ఏదో దీవిలో వాళ్ళ చెరలో ఉన్నాడట. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. మేమెవరమూ ఏమీ అడగలేదు, గుడిలో జరిగినది అతనికి ఎవరూ చెప్పలేదు. అతను దారిలో అమ్మనే మా ఇల్లు అడిగి, నేరుగా వచ్చి మా ముందు నిలబడ్డాడు. ఈ మాట నొక్కి చెబుతున్నాను.

"అమ్మా, దానేలు పోయినాడమ్మా. నా ఒళ్ళోనే పోయినాడు" అన్నాడు.

నాయన అడిగాడు, ఎప్పుడని.

"యుద్ధం అయిపోయే ముందరేడు పెద్దాయనా. నెలలూ తేదీలూ మాకు తెల్దు. కానీ ఆ పొద్దు మట్టల ఆదివారం. మాలో ఒక ముసలి హవల్దారు పండగల లెక్క పెట్టుకుంటా ఉన్నాడు. ఆయన చెప్పినాడు. కొబ్బరాకులు చీల్చి చేతుల్లో పట్టుకోని కీర్తన పాడుకున్యాం. దానేలుకు అప్పటికే జరం. పాటకు లేయలేకపోయినాడు. ఎండ తిరిగినాక నా ఒళ్ళో తల పెట్టుకోని పడుకోనున్నాడు. ఉన్నట్టుండి లేసి కూసున్యాడు. ఎవురో పిలిచినట్టు అట్ల తిరిగి, 'ఆఁ... వస్తన్నా' అన్నాడు. ఎవుర్రా పిలిచిందీ అనడిగినా. 'మావోళ్ళు' అన్నాడు. నవ్వినాడు. అంతే, మళ్ళీ పడుకున్యాడు."

నాయన ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. రూతమ్మ మా వెనకే నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

అమ్మ మాత్రం ఆ మనిషి చెయ్యి పట్టుకుని అడిగింది. "నవ్వినాడా?"

"నవ్వినాడమ్మా."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అంతకాలం దాచుకున్నదంతా ఏడ్చింది.

తర్వాత నేను చదువుకున్న భూగోళం అంతా తిరగేసి ఆలోచించాను. మనకంటే తూర్పున ఉన్న ఆ దీవుల్లో పొద్దు ముందుగా పొడుస్తుంది, ముందుగా తిరుగుతుంది. మాకు ఇంకా నడినెత్తికి రాని ఎండ అక్కడ తిరిగి ఉంటుంది. అంతవరకు సరిపోయింది. అంతకు మించి ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. జ్వరంలో ఉన్నవాళ్ళకు ఇంటివాళ్ళు పిలిచినట్టు వినబడటం మామూలే. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పోయినవాళ్ళ గొంతు వినబడటమూ మామూలే. ఆ రెండు మామూళ్ళూ ఒకే రోజు, ఒకే మాటతో ఎలా కలిశాయన్నదే నాకు అర్థం కాదు. దయ్యం పిలిస్తే పలకకూడదని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఇక్కడ పిలిచింది మేము. పలికింది, ఆ క్షణానికి ఇంకా బతికే ఉన్న మనిషి.

ఆ ముక్క దగ్గరే మా అమ్మా నాయనలు విడిపోయారు. ఒకే ఇంట్లో ఉంటూనే విడిపోయారు.

"బతికున్నోణ్ణి చచ్చినోళ్ళలో పిలిచినాం. పిలిచినాం గాబట్టే పోయినాడు" అనేవాడు నాయన. ఎవరెంత చెప్పినా ఆ మాట వదల్లేదు.

"మీరు పిలవకుంటే వాడు ఎవురికి పలికేటోడు? ఆ సముద్రంలో ఎవురికి చెప్పి పోయేటోడు?" అనేది అమ్మ. గుడికి రానని మొండికేసిన మనిషే ఆ మాట అనేది.

నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఇద్దరి మాటా విన్నాను. ఎవరిది నిజమో తేల్చలేకపోయాను. ఇన్నేళ్ళయినా తేల్చలేదు.

రూతమ్మకు పైఏడు గిద్దలూరులోనే ఇంకో సంబంధం కుదిరింది. ఆమెను పెళ్ళికూతుర్ని చేసింది మా అమ్మే. తలకు నూనె రాసి, జడ వేసి, బండి ఎక్కించి వచ్చింది. ఇంటికి వచ్చాక ఆ రోజంతా పడుకుంది.

నాయన మళ్ళీ ఎన్నడూ మట్టల ఆదివారం నాడు గుడిలో అడుగు పెట్టలేదు. ఆ రోజు పొద్దున్నే కొండ పక్కకు వెళ్ళిపోయి పొద్దుగూకాక వచ్చేవాడు. అమ్మ మాత్రం బతికినంతకాలం ఒక్క ఏడు కూడా మానలేదు. ఏటా ఆ రోజు ఐదు పేర్లూ పిలుస్తారు. అమ్మ మగవాళ్ళ వైపు చాపకు దగ్గరగా, నడవ అంచున కూర్చునేది. నాలుగు పేర్లయ్యాక తల మీది కొంగు చెవి వెనక్కి తోసుకుని, ఊపిరి బిగబట్టి, కొంచెం ముందుకు వంగేది.

అయ్యగారు అన్న పేరు పిలిచేవారు. పక్కన కూర్చుని నేనూ వినేదాన్ని. మళ్ళీ ఎప్పుడూ ఎవరూ పలకలేదు.