ఇద్దరు పోవాల, వచ్చి చెప్పాల

ఆదివారం చీకటి పడే వేళ మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చింది. చేసినవాడు ఆవిడ మరిది కొడుకు. "పెద్దమ్మ పోయిందన్నా. మధ్యాన్నం అన్నం తిని పడుకున్నింది, మళ్ళా లేయలేదు" అన్నాడు. వెంటనే, "రేపు సోమవారం గదన్నా. నేను పోయేదానికి లేదు. ఇంగ ఎవురు పోవాల?" అన్నాడు.

చావు కబురు వెంటే ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా అత్త మెట్టిన ఊరు తిరుత్తణికి దగ్గర్లోని పల్లె. దాన్ని పక్క పట్టణంలో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. కలిస్తే ఊరికి సొంత పంచాయతీ ఉండదు, ప్రెసిడెంటు ఉండడు. ఊరంతా పట్టణంలో ఒక వార్డులో ఓ మూల అవుతుంది. ఉపాధి హామీ కింద వచ్చే నూరు రోజుల పని ఆగిపోతుంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆ సోమవారమే ఆఖరు రోజు. తిరువళ్ళూరు కలెక్టరాఫీసుకు వెళ్ళి ఇవ్వాలి. అందుకు ఊరు ఇద్దరిని ఎంచుకుంది. ఒకరు ఈ మరిది కొడుకు. రెండోవారు దళితవాడ నుంచి వళ్ళెమ్మ, నూరు రోజుల పనికి మేస్త్రీ. ఇప్పుడు అతని ఇంట్లో శవం ఉంది. అంటు ఉన్నవాడు దహనం కాకముందే ఊరి పని మీద పొలిమేర దాటడం అక్కడ కుదరదు.

ఊరి తరఫున ఎప్పుడైనా ఇద్దరే వెళ్ళాలన్నది మా అత్త పెట్టిన పద్ధతి. ఆవిడకు అది ఇంగ్లండులోని యార్క్ నగరం నుంచి వచ్చింది.

అత్త తిరుత్తణి ప్రభుత్వ పాఠశాలలో చరిత్ర టీచరు. మొదట తెలుగులో, తర్వాత తెలుగు చదివే పిల్లలు తగ్గాక తమిళంలో చెప్పింది. ఆవిడకు పాస్‌పోర్టు లేదు. కానీ యార్క్ నగరం పార్లమెంటుకు ఎవరిని ఎలా పంపిందో, పదమూడో శతాబ్దం నుంచి, పక్క వీధి పంచాయతీ ఎన్నికల్లా చెప్పేది. ఆ నగరం శతాబ్దాల పాటు ప్రతి పార్లమెంటుకూ ఇద్దరిని పంపింది. తొలి రోజుల్లో అది గౌరవం కంటే బరువు. గుర్రం మీద లండన్ దాకా పోవాలి, సొంత వ్యాపారం మూసుకోవాలి. ఖర్చు ఊరే పెట్టుకునేది. తిరిగొచ్చాక నగర పెద్దల ముందు నిలబడి అక్కడేం జరిగిందో చెప్పేవాళ్ళు.

"పెద్ద ఊరని ఇద్దరా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"కాదురా అబ్బోడా. చిన్న ఊర్లూ ఇద్దర్నే పంపేవి. ఒకడు పోతే వాడు చెప్పిందే నిజం. ఇద్దరు పోతే ఒకడు ఇడిచింది ఇంకొకడు చెప్తాడు."

ఇద్దరు అన్నదానికి ఇంగ్లండు వాళ్ళు చెప్పుకునే కారణం ఇదేనా అంటే నాకు తెలియదు. నేను వెతికినంతలో అలా ఎక్కడా కనిపించలేదు. తిరిగొచ్చిన వాళ్ళు ప్రతిసారీ నివేదిక ఇచ్చారనడానికీ నాకు ఆధారం దొరకలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"దొరకలేదా? దొరకలేదనే రాసుకో. జరగలేదని రాయబాకు" అంది. నాది పత్రికా వృత్తి; అందులో ఆ తేడా నేర్చుకోవడానికి కొందరికి ఉద్యోగ జీవితమంతా పడుతుంది.

యార్కే ఎందుకన్నది నన్ను చాలాకాలం తొలిచింది. పెద్ద కథేదో ఉంటుందనుకున్నాను. లేదు. మద్రాసులో ఎం.ఏ. చదివేటప్పుడు ఇంగ్లండు రాజ్యాంగ చరిత్ర పాఠంలో ఒక్కొక్కరికి ఒక్కో నగరం ఇచ్చారట, దాని పార్లమెంటు చరిత్ర రాసుకురమ్మని. చీట్లు తీశారు. "నాకు లండన్ వస్తాదని ఆశ. యార్క్ వచ్చింది. ఏడ్చినా" అంది.

చీటీలో వచ్చిన ఊరిని జీవితాంతం ఎందుకు పట్టుకుందన్నదానికి మాత్రం ఆవిడ దగ్గర వేరే జవాబుంది. 1960లో తిరుత్తణి తాలూకా ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అత్త పుట్టిల్లూ ఆ తాలూకాలోనే. అప్పుడు ఆవిడ బడికెళ్ళే పిల్ల. వాళ్ళ నాయనను, అంటే మా తాతను, అడిగిందట: మనల్ని ఎవరు అడిగినారు నాయనా? "మన పక్కం నుంచి ఎవురో పోయినారంటమ్మా" అన్నాడట. ఎవరు? తెలీదు. ఏం చెప్పినారు? తెలీదు. "పోయినోడు ఉండచ్చురా. వచ్చి చెప్పినోడు లేడు" అనేది అత్త. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని ఆవిడ ఎన్నడూ వాదించలేదు. తమిళంలో పాఠం చెప్పింది, తెలుగులో తిట్టింది. ఆవిడ ప్రశ్నంతా ఆ వచ్చి చెప్పడం గురించే.

ఆ పద్ధతి ఊళ్ళోకి వచ్చింది బస్సు వల్ల. పొద్దున బడి వేళకు వచ్చే బస్సు ఆగిపోయింది. వ్యానెక్కి యాభై మంది డిపోకు పోదామన్నారు కుర్రవాళ్ళు. అత్త అప్పటికి రిటైరై ఇంట్లో ఉంది. పాల సొసైటీ దగ్గర నిలబడి, "యాభై మంది పోతే యాభై మాటలు. ఇద్దరు పోవాల, వచ్చి ఈడే నిలబడి చెప్పాల. ఇంటికి పోయి కాఫీ తాగినాక కాదు" అంది. సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా వచ్చే చోటు అదే.

ఇద్దరిలో ఒకరు దళితవాడ నుంచి ఉండాలని కూడా అంది. ఆ బస్సు ఎక్కువగా ఎక్కేది వాళ్ళ పిల్లలే. గొడవ అక్కడ మొదలైంది. ఎదురు చెప్పినవాడు ఎదురింటి మామ. మాకు చుట్టం కాదు, వరసకు మామ. ఎరువుల అంగడి, పది మందిలో పలుకుబడి.

"ఏమమ్మా ఇంగ్లాండు టీచరూ, ఊర్లో మొగోళ్ళు లేరా? వాడ నుంచి పిలుచుకోని పోవాల్నా?" అన్నాడు.

"ఉండారప్పా. నువ్వు ఉండావు. పోయినసారి నువ్వు పోయి ఏం తెచ్చినావు, చెప్పు."

"చేస్తామనినారు."

"చేస్తామనినారా, చూస్తామనినారా?"

మామ ఆలోచించాడు. "చూస్తాం... అనినారు."

"అదీ."

పాల క్యాన్ల దగ్గరున్న వాళ్ళు నవ్వారు. మామ నవ్వలేదు. కానీ ఆ సారి ఇద్దరు వెళ్ళారు, ఒకరు ఊరి నుంచి, ఒకరు వాడ నుంచి. బస్సు వచ్చింది. వాళ్ళు వెళ్ళడం వల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఆ నెలలో డిపోకు కొత్త బస్సులు కూడా వచ్చాయి. పద్ధతి మాత్రం నిలిచింది.

తిరిగొచ్చినవాళ్ళు ఎలా చెప్పాలన్నది కూడా ఆవిడే నేర్పింది. చాలామంది "నేను గట్టిగా అడిగినా" అని మొదలుపెడతారు. అత్త చెయ్యి అడ్డం పెట్టేది. "నువ్వడిగింది మాకు తెలుసు, మేమే గదా చెప్పి పంపినాం. వాళ్ళు చెప్పింది చెప్పు." అంతా విన్నాక చివర ఒకే ప్రశ్న: "ఇంగేమన్నా ఇడిచినారా?" ఆ ప్రశ్నకు సగం సార్లు రెండోవాళ్ళు ఏదో ఒకటి గుర్తుచేసుకునేవాళ్ళు. ఎడిటర్లు చాలామంది దగ్గర పనిచేశాను. అంతకంటే మంచి ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

కొన్నేళ్ళ కింద నేను యార్క్ నియోజకవర్గాల మ్యాపు ఫోన్‌లో తీసుకెళ్ళి చూపించాను. యార్క్‌కు 1918లో ఒక సీటు పోయి ఒక్కరే మిగిలారు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఒకేలా చెప్పేది: "అదే చట్టంలో ఆడోళ్ళకి ఓటు వచ్చింది, మొదట ముప్పై దాటినోళ్ళకి. ఒక చేత్తో ఎత్తుకోని ఇంకో చేత్తో ఇచ్చినారు." 2010లో ఆ నగరాన్ని మళ్ళీ రెండు నియోజకవర్గాలు చేశారు. ఒకటి నగరం నడిబొడ్డు. రెండోది దాని చుట్టూ ఉంగరంలా ఉన్న శివార్లు, పల్లెలు. అత్త ఆ వేళ వంటింట్లో వడలు వేస్తోంది. పిండి చేత్తోనే ఫోన్ మీదికి వంగి చూసింది.

"ఇది వడ గదరా!" అంది.

పక్కనే పీట మీద కూర్చుని వడ తింటున్న ఎదురింటి మామ, "అట్లయితే బొక్కలో ఉండేవాళ్ళకి యెంపీ ఎవురు?" అన్నాడు. తగువు తగువే, వడ వడే.

"వాళ్ళకీ ఒకరు, చుట్టూ ఉండేవాళ్ళకీ ఒకరు. చూసినావా, మళ్ళీ ఇద్దరైనారు." ఆవిడ సంబరం చూస్తే ఆ ఇద్దరినీ తనే గెలిపించినట్టుంది. "మన సంగతి చూడప్పా. జిల్లా తిరువళ్ళూరు, యెంపీ సీటేమో పక్క జిల్లా అరక్కోణం. మనం వడా, బొక్కా?"

"నీ వడ సల్లారిపోతా ఉండాది, ముందు అది చూడు" అన్నాడు మామ.

పట్టణంలో కలిపే మాట వచ్చినప్పుడు ఊళ్ళో ఆ వడ మాట తిరిగింది. అత్తకు కలవడమే చెడ్డదన్న పట్టుదల లేదు. కుళాయి నీళ్ళు, వీధి దీపాలు రావచ్చు అనేది. "కలిపితే కలపనీ. మనల్ని అడిగి కలపమను" అనేది. చివరి వారమంతా మరిది కొడుకునూ వళ్ళెమ్మనూ ముందు కూర్చోబెట్టుకుని, ఏం చెప్పాలో ఒప్పజెప్పించుకుంది.

ఆదివారం రాత్రి నేను ఊరు చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అత్త ఐసు పెట్టెలో ఉంది. కూతురు కోయంబత్తూరు నుంచి రావాలి. దహనం మర్నాడు మధ్యాహ్నం మీద పెట్టుకున్నారు. అరుగు మీద మాట ఒక్కటే: పొద్దున ఎవరు పోవాలి?

"వళ్ళెమ్మ పోతాది గదా, మను ఆమె చేతికియ్యండి" అన్నారొకరు. అర్జీని మా వైపు మను అంటారు.

వళ్ళెమ్మ గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. "ఒక్కదాన్ని పోను సామీ. పోయేదానికి బయంగాదు. వచ్చి నేను చెప్తే, ఇడిచింది చెప్పేవాళ్ళెవురు?"

చూపులు నా మీదికి తిరిగాయి. నేను కాదన్నాను. నేనా ఊరివాణ్ణి కాదు. పైగా ఆ సంగతి అత్తే ఎప్పుడో తేల్చేసింది: "పేపరోడు పోతే పేపరుకి చెప్తారు, ఊరికి చెప్పరు." మిగిలిన మగవాళ్ళలో సగం మంది దాయాదులు, అంటు ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఎదురింటి మామ అరుగు మీంచి లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎన్ని గంటలకి ట్రెయిను, వళ్ళెమ్మా?" అన్నాడు.

"ఏడుకుందయ్యా."

"టేసన్‌కి నేను బండి తెస్తా. నువ్వు వాడ మొగదాల నిలబడు." తర్వాత ఎవరూ అడగకుండానే, "ఇంగ్లాండు టీచరు ఊరికే ఉంటాదా? రేపు కాటికి పోతా పోతా నన్నే అడుగుతాది" అన్నాడు.

సోమవారం కూతురు వచ్చింది. స్నానం చేయించి మళ్ళీ పెట్టెలో ఉంచారు. పాడె సిద్ధమైంది. ఎండ నెత్తి మీద నుంచి పక్కకు వాలింది. ఎత్తుదామని పెద్దలు రెండుసార్లు అన్నారు. "వస్తా ఉండారు" అని రెండుసార్లూ మరిది కొడుకే ఆపాడు. చివరికి బండి చప్పుడైంది. మామ, వళ్ళెమ్మ దిగారు. పాల సొసైటీ ముందు ఆగకుండా నేరుగా ఇక్కడికే వచ్చారు.

"ఆడ చెప్తే ఈమెకి వినపడేదెట్ల?" అన్నాడు మామ. చెప్పులు విడిచి, గాజు పెట్టెకు కాళ్ళ వైపు నిలబడ్డాడు. పక్కన వళ్ళెమ్మ. జనం జరిగి చోటిచ్చారు.

"నేను గట్టిగా అడిగినా..." అని మొదలుపెట్టాడు మామ.

"మనం అడిగింది వద్దయ్యా" అంది వళ్ళెమ్మ మెల్లగా.

మామ గొంతు సర్దుకున్నాడు. "మను తీసుకున్నారు. రసీదు ఇచ్చినారు. కలపము అనలేదు. కలుపుతాము అని కూడా అనలేదు. ఒక ఆఫీసరు ఊరికొస్తాడంట. ఊరోళ్ళని కూర్చోబెట్టి అడుగుతాడంట. ఎప్పుడని అడిగితే చెప్పలేదు. చూస్తామనినారు. చేస్తామనలేదు." పెట్టె వైపు తిరిగాడు. "మ్యాపు చూపించినారు. మన ఊరు వడలో ఉండాదమ్మా. బొక్కలో లేదు."

ఏడుస్తున్న కూతురు తల ఎత్తి నవ్వింది. వెనకెవరో కూడా నవ్వారు. నలుగురు పెట్టె పక్కన వంగబోయి ఆగారు. అందరం ఎదురుచూస్తున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమని నాకు కాసేపటికి గాని తట్టలేదు. ఎదురింటి మామ కూడా కదలకుండా నిలబడ్డాడు.

వళ్ళెమ్మ ముందుకు వంగింది. "ఒకటి ఇడిచినాడు టీచరమ్మా" అంది. "పోయిన వెంటనే కూర్చోమనినారు. ఇద్దరికీ కుర్చీలేసినారు."

మామ తలూపాడు. చల్లటి గాజు మీద ఆమె మాటల ఆవిరి చిన్నగా పట్టి, మేం చూస్తుండగానే చెరిగిపోయింది. అప్పుడు పెట్టె మూత తీశారు.