ఒడ్డుకొచ్చిన ఖాళీ పడవ

పక్కింటి బాబాయిగారు పోయారని పాలు పోసే ఆమె చెబితే నేను నమ్మలేదు. వెళ్లి పిన్నిని అడిగి, ఆయన మొహం చూసి వచ్చాకే నమ్మాను. ఏ మాటనైనా రెండోసారి సరిచూసుకోమనేవారు ఆయన.

ఆయన ఉద్యోగం సముద్రతీరంలో. ఎవరైనా సముద్రంలో తప్పిపోతే ఎక్కడ వెతకాలో లెక్కకట్టే ఆఫీసు. ఒడ్డునున్న రాడార్లు పైనీరు ఎటు, ఎంత వేగంగా పోతోందో చెబుతాయి. దాన్నిబట్టి ఆయన పడవలను పంపేవారు. సెలవులకు నరసరావుపేట వస్తే మాత్రం మాతో తగాదానే. వాళ్ల డాబా మీది వాననీళ్లు మా పెరట్లో పడేవి.

మా తమ్ముడు డీజిల్ మెకానిక్. ఒకసారి పడవ ఇంజను బాగుచేసి, నడిపి చూడటానికి పడవ మనిషితో సముద్రంలోకి వెళ్లాడు. ఇంజను ఆగిందని ఫోన్ చేశాడు. తర్వాత ఫోన్ పలకలేదు. మధ్యాహ్నానికి ఖాళీ పడవ ఒడ్డు దగ్గర దొరికింది. బాబాయిగారేమో వెతికేవాళ్లను దక్షిణంగా, లోపలికి పంపారు.

నేను ఫోన్ చేశాను.

"పడవ ఒడ్డు దగ్గర దొరికితే అక్కడెక్కడో వెతికిస్తారేంది? పెరటి గొడవ మనసులో పెట్టుకున్నారా?"

"దాని గురించి తర్వాత పోట్లాడుకుందాం. ఖాళీ పడవని గాలి తోసిద్ది. లైఫ్ జాకెట్ వేసుకున్నోడికి తలకాయే గదమ్మా పైన ఉండేది, వాడు నీటితో పోతాడు."

"రాడార్ తప్పు చెబితే?"

"నాకూ అదే అనుమానం. నన్నూ నమ్మబాక, రాడార్నీ నమ్మబాక. వాళ్లు ఫోన్ చేసినకాడ తేలే గుర్తొకటి వేయించా. అదెటు పోతే నీళ్లూ అటు పోతున్నట్టే. గంట ఆగు."

ఆ మాటలు, టైముతో సహా రాసిపెట్టాను. రేపు కోర్టుకెళ్లాల్సొస్తే పనికొస్తాయనుకున్నాను. సరిగ్గా గంటకు ఆయనే చేశారు. గుర్తు కూడా దక్షిణానికే పోతోందట. పొద్దుగూకే ముందు మళ్లీ ఫోన్.

"ఇద్దరూ దొరికారమ్మా. అల కొట్టి నీళ్లలో పడ్డారంట. మీ వాడు మంచినీళ్లు అడుగుతున్నాడంట."

అప్పుడూ నేను నమ్మలేదు. వాడి గొంతు వినిపించమన్నాను. వినిపించారు.

రిటైరై వచ్చాక ఒక వాన రోజున ఆయన్ను అడిగాను, ఆ గుర్తు ఒడ్డుకొచ్చి ఉంటే ఏం చేసేవారని. "పడవల్ని ఒడ్డుకి తిప్పేవాణ్ణి. నా లెక్క తప్పని రాసుకునేవాణ్ణి" అన్నారు. తర్వాత ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, మూతికి కాస్త తక్కువగా నీళ్లు నింపిన సీసా, రెండూ మూతలు బిగించి మా పెరటి కాలువలో వదిలి చూపించారు. ఆ నీళ్లు ఆయన డాబావే. ఆ తగాదా చివరిదాకా తెగలేదు.

నిన్న వాన పడింది. ఆ సీసాలు ఇంకా వాళ్ల గోడ మీదే ఉన్నాయి. తీసుకుని రెండూ నీళ్లలో వదిలాను. ఖాళీదాన్ని గాలి గోడకు నెట్టింది. నిండుది మూత ఒక్కటే పైకి కనబడుతూ గేటు వైపు సాగింది.

కిటికీలోంచి పిన్ని చూస్తోంది. "ఇంకోసారి వెయ్యమ్మా. ఒకసారికి ఆయన ఒప్పుకునేవాడు కాదు" అంది.

గేటు దగ్గర దాన్ని పట్టుకుని, వెనక్కి తెచ్చి, మళ్లీ వదిలాను.