పొడి గీత

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్‌లో జపాను వాళ్ళ పాత ఫుట్‌బాల్ ఆట ఒకటి పెట్టుకుని చూస్తుంటే, కళ్ళజోడు సర్దుకుని నేనూ పక్కన చేరాను. అక్కడి రెండో డివిజన్ లీగుకు అదే ఆఖరి సీజనట. కొత్త లీగు పెట్టబోతూ దాన్ని మూసేశారని, కొన్ని జట్లు పైకి పోతే కొన్ని కిందే ఉండిపోయాయని ఆ పిల్ల తాపీగా చెబుతూ ఉంటే, నా చూపు మాత్రం గోలు ముందర, వానకు తడిసిన పచ్చగడ్డి మీద చెక్కుచెదరని తెల్లటి గీత దగ్గరే ఆగిపోయింది.

మా కర్నూలు, కడప ఊళ్ళలోనూ ఒకప్పుడు అలాంటి రెండో డివిజన్ లీగు నడిచేది, మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దాన్ని ఎత్తేస్తున్నామని, ఆఖరి సీజనులో మొదట నిలిచిన జట్టును మాత్రమే పై డివిజన్‌లోకి తీసుకుంటామని చెప్పేనాటికి, మా బేతంచెర్లలో మాకూ కోయిలకుంట్ల వాళ్ళకూ జరగాల్సిన ఆట ఒక్కటే మిగిలింది. మాకు డ్రా అయినా చాలు. వాళ్ళు మాత్రం గెలిచి తీరాలి, లేకపోతే వాళ్ళకిక జట్టే ఉండదు. ఆ జట్టులో ముందు నిలిచి గోల్స్ కొట్టేది మా మేనమామ కొడుకు, నాకు బావ. ఈవైపు గోల్‌కీపరును నేను.

మా ఊళ్ళో మైదానానికి గీతలు సున్నంతో గీసేవాళ్ళం కాదు. బండలు పాలిష్ పట్టగా మిగిలిన తెల్లటి పొడి ఊరంతా కుప్పలుగా పడి ఉండేది కాబట్టి, దాన్నే నీళ్ళలో చిక్కగా కలిపి పోస్తే, ఆరాక నేలను గట్టిగా పట్టుకుని ఆట అయ్యేదాకా కదిలేది కాదు. ఆ వేసవిలో నీళ్ళకు కటకట. తెచ్చిన నాలుగు బిందెలూ గీతకు పోయాలా, ఆడేవాళ్ళ గొంతులు తడపాలా అని కాసేపు తర్జనభర్జన పడి, చివరికి మా జట్టు పెద్దగా ఉన్న మా పెద్దనాన్న పొడిని పొడిగానే చల్లించాడు. ఆ నీళ్ళు రెండు జట్లవాళ్ళమూ తాగాం. నేను కడుపునిండా తాగాను.

ఆట చివర్లో గాలి లేచింది. బావ కొట్టిన బంతి నా చేతికి తగిలి వెనక్కి పడింది, నేను ఆ దుమ్ములో కళ్ళు మూసుకునే దాని మీద దూకాను. కళ్ళు తెరిచేసరికి రెఫరీ వంగి నేలంతా వెతుకుతున్నాడు. "గీత యాడుండాదప్పా?" అని బావ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గాలి దాన్ని ఊడ్చుకుపోయింది. రెఫరీ అటూ ఇటూ చూసి గోలు కాదన్నాడు. బంతి దాటిందో లేదో నాకు నిజంగా తెలియదు, ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను. కానీ గీత కనబడనందుకు ఆ క్షణాన నాకెంత సంతోషం వేసిందో అది మాత్రం బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఆ సంతోషమే.

ఆట డ్రా అయి మేము పైకి పోయాం, వాళ్ళ జట్టు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయింది. బావ వేంపల్లెలో సిమెంటు అంగడి పెట్టుకున్నాడు. నేనెప్పుడు పోయినా టీ తెప్పించి, అంగట్లో ఉన్నవాళ్ళందరికీ "మా బామ్మర్ది పై డివిజన్‌లో ఆడినోడప్పా, ఏమనుకున్యారో!" అని గొప్పగా చెబుతాడే తప్ప ఆ ఆట ఊసెత్తడు.  నాలుగు తిట్లు తిట్టినా బాగుండు అనిపిస్తుంది.

మరిచిపోయి ఉంటాడులే అనుకుని, జపాను ఆట సంగతి చెబుదామని మొన్న ఆ సాయంత్రమే బావకు ఫోను చేశాను. మన లీగు మాదిరే వాళ్ళదీ మూసేశారట బావా అని నవ్వుతూనే మొదలుపెట్టాను.  ఆయన మెల్లగా అడిగాడు.

"వాళ్ళు గీత తడిపి గీసినారా, పొడిగా చల్లినారా బామ్మర్దీ?"

తడిపే గీశారు బావా అన్నాను. ఆ మైదానంలో ఇప్పుడు బండల గోడౌన్లు లేచాయి. ఇంటింటికీ కుళాయి వచ్చింది, నీళ్ళకు అప్పటంత కరువు లేదు. తడపడానికి గీతే లేదు.